నానే బియ్యంతో యారాడ నుంచి గోపాలపట్నం

ఆదివారం ఉదయం ఆరుంపావుకి గోపాలపట్నం బస్టాపులో నిలబడ్డాను. చేతిలో గుడ్డ సంచీ, సంచీలో ఒక స్టీలు క్యాను, క్యానులో తువ్వాలు మూట, మూటలో అరకిలో బియ్యం. ప్రయాణాలకి బయల్దేరేవాళ్ళు పులిహోర కట్టుకుని వెళతారు. నేను వండని బియ్యం కట్టుకుని వెళుతున్నాను, ఎలా వండాలో కనుక్కుని రావడానికి. ఇరవై నాలుగేళ్ళ వయసులో, పోర్టులో ఉద్యోగం వెలగబెడుతూ, అన్నం వండడం నేర్చుకోవడానికి రేవు దాటి, కొండ దాటి వెళ్ళిన మనిషిని మా వీధిలో ఇంకొకరిని చూపించలేరు.

కారణం మా సూరమ్మత్త. మా నాన్నకి అక్క. పెళ్ళయిన కొత్తలో మావయ్యతో రంగూన్ వెళ్ళింది. మావైపు దాన్ని రంగం అంటారు. పద్దెనిమిదేళ్ళు అక్కడ ఉండి, మావయ్య పోయాక, మనవాళ్ళందరూ తిరిగి రావలసి వచ్చినప్పుడు ఒక రేకు పెట్టెతో ఇక్కడ ఓడ దిగింది. నాకు పోర్టులో ఓడ సరుకు లెక్క రాసే టాలీ గుమాస్తా పని దొరికినప్పటి నుంచి ఆమె దగ్గరే ఉంటున్నాను. రెండు గదుల వాటా. వంట ఆమెది, వెటకారం నాది.

సాయంత్రం నేను డ్యూటీ నుంచి రాగానే అత్త అరుగు మీద కూర్చుని రంగం మొదలుపెట్టేది. అక్కడ వాన మొదలైతే ఎలా ఆగదో, నది మీద పడవల్లో దీపాలు ఎలా కదిలేవో, పొద్దున్నే ఒకావిడ తల మీద బుట్టతో వీధిలోకి వచ్చి ఆకులో ముద్ద పెట్టి ఇచ్చే కౌనిన్ ఎలా ఉండేదో. కౌనిన్ అంటే అతుక్కునే అన్నం. పైన కొబ్బరి కోరు, ఉప్పేసి దంచిన నువ్వులు. "ఆవిడ బుట్ట మూత తీసిందంటే ఈది సివరి దాకా వాసనొచ్చీది అల్లుడూ," అనేది అత్త. ఆ మాట దగ్గర ఎప్పుడూ కళ్ళు మూసుకునేది. నేను కూడా మూసుకునేవాణ్ణి, కాకపోతే నిద్రకి.

నెలన్నర కిందట మా ఆఫీసు వాళ్ళు నలుగురు ఇంటికి వచ్చారు. అత్త వాళ్ళకి కౌనిన్ గురించి చెబుతోంది. వీధి చివర మాట దగ్గరికి రాగానే నేను అందుకున్నాను. "అవునండీ, ఆ వాసనకి ఏనుగులు కూడా వచ్చి లైను కట్టేవట, రేషను కార్డులు పట్టుకుని." అందరూ పడీ పడీ నవ్వారు. అత్త కూడా నవ్వింది. కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రంగం లేదు. "ఉప్పు సరిపోనాదా?" "తలుపేసీనా?" ఇంతే మాటలు. నేను జోకులు వేస్తే నవ్వేది కూడా. అదే నాకు నచ్చలేదు. తిట్టే మనిషికి సర్ది చెప్పుకోవచ్చు. మర్యాదగా నవ్వే మనిషిని ఏం చేస్తాం?

ఇంతలో టేకు దుంగలతో ఒక ఓడ వచ్చింది, రంగం నుంచే. లెక్క రాస్తూ మూడు రోజులు దాని పక్కనే ఉన్నాను. ఓడ వంటవాడికి మా అత్త పెట్టిన ఆవకాయ రుచి చూపించాను. అతను కన్నీళ్ళు పెట్టుకుని సంతోషించాడు, లేదా కారం ఎక్కువైంది. వెళ్ళేరోజు ఒక సంచీలో కిలో బియ్యం ఇచ్చి, కౌనిన్ అంటూ చేతులతో ఏదో చెప్పాడు. ఎడమ అరచేతి మీద కుడి చేతి వేళ్ళు ఆడిస్తూ పైకి లేపాడు. దేవుడు చల్లగా చూస్తాడు అంటున్నాడనుకుని నేను కూడా దణ్ణం పెట్టాను.

అత్త ఆ బియ్యం సంచీ విప్పింది. గుప్పెట్లోకి తీసుకుని వాసన చూసింది. సున్నం ముక్కల్లా తెల్లటి గింజలు. సగం తీసి కడిగి ఎసట్లో పోసింది. రంగంలో ఉన్నన్నాళ్ళూ ఆమె కౌనిన్ కొనుక్కుని తిన్నదే కానీ ఒక్కసారీ వండలేదు. ఆమె చేతికి తెలిసింది ఒక్కటే పద్ధతి, మన పద్ధతి. నిండా నీళ్ళు పోసి ఉడికించి గంజి వార్చడం. ఉడికాక మూత పట్టుకుని గిన్నె వంచింది. గంజి రాలేదు. ఇంకా వంచింది. అన్నమంతా ఒకే ముద్దై గిన్నెని కరిచి పట్టుకుంది. ఎలక్షన్లు దగ్గర్లో ఉంటే ఏదో ఒక పార్టీకి పోస్టర్ల జిగురు కింద ఇచ్చేవాళ్ళం.

అత్త గరిటెతో ఆ ముద్దని ఒకసారి పొడిచి, "నానేటో ఊహించుకున్నాన్రా అల్లుడూ," అంది. "అలాటిదేటీ తిన్లేదేమో. అంతా నా బుర్రలోదే అయ్యుంటాది."

నా దగ్గర ఒక్క జోకు కూడా లేదు. ఏ ఏనుగూ రాలేదు.

మిగిలింది అరకిలో. మా పోర్టులో కళాసీ ఒకడు చెప్పాడు, యారాడలో పోలయ్య అని ఒక ముసలాయన ఉన్నాడని, వయసులో రంగం స్టీమర్లలో వంట చేశాడని. ఆదివారం ఓవర్‌టైం ఉందని అత్తకి చెప్పి బయల్దేరాను. ఇదీ నా యాత్రకి కారణం. కాశీకి వెళ్ళేవాళ్ళకి ఇంతకంటే మంచి కారణాలు ఉంటాయి.

బస్సు ఆరూ నలభైకి వచ్చింది. టౌనుకి టిక్కెట్టు అరవై పైసలు. ఆదివారం కాబట్టి సీటు దొరికింది. సింహాచలం వెళ్ళొస్తున్న గుండు ఒకటి నా ముందు సీట్లో గంధం వాసనతో ఊగుతూ నిద్రపోతోంది. దాన్నే చూస్తూ నేనూ నిద్రపోయాను. పాత ఊళ్ళో దిగేసరికి ఏడున్నర. రేవు దగ్గర పాక హోటల్లో నాలుగు ఇడ్లీ తిని, ఎనిమిదింపావుకి పడవ ఎక్కాను.

మీరు ఎప్పుడైనా వెళితే పొద్దున పడవే ఎక్కండి. ఎండ ఇంకా గట్టిపడదు. నీళ్ళ మీద పల్చటి పొగ లాంటిది తేలుతుంది. క్రేన్లు మెడలు చాచి నిలబడి ఏదో మరిచిపోయినట్టు ఉంటాయి. ఆదివారం వాటికీ సెలవే. మేం సగం దూరం వెళ్ళేసరికి ఒక పెద్ద ఓడ లోపలికి వస్తోందని పడవవాడు తెడ్డు ఆపేశాడు. ఎర్రటి తుప్పు గోడ ఒకటి మా ముందు నుంచి చప్పుడు లేకుండా జరిగిపోయింది. చాలా పైన, డెక్కు మీద ఒక మనిషి చొక్కా ఆరేసుకుంటున్నాడు. మా వైపు చూశాడు. మేం ఏ దేశమో అతనికి తెలుసో లేదో. మా అత్త వచ్చింది కూడా ఈ నీళ్ళ మీదుగానే. అప్పుడు ఆమె కూడా ఇలాగే పైనుంచి ఏదో చిన్న పడవ వైపు చూసి ఉంటుంది. అందులో ఇలాగే ఒక పనిలేనివాడు బియ్యం మూటతో కూర్చుని ఉంటాడు.

పక్కన ఖాళీ చేపల తట్టతో కూర్చున్నావిడ నా సంచీలోకి తొంగి చూసింది. "ఏటి బావూ ఆ క్యానులో?"

"బియ్యం."

"మా యారాడలో బియ్యం దొరకవనుకున్నావేటి?"

"వీటిని వండటం తెలియదు. పోలయ్యగారిని అడగటానికి వెళుతున్నాను."

ఆవిడ నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "పెళ్ళి సేసుకో బావూ," అంది.

ఆవలి ఒడ్డున దిగి, కొండ దారి పట్టుకున్నాం. ఆవిడ తట్ట బోర్లించి నెత్తిన టోపీలా పెట్టుకుని నాకంటే ముందు వెళ్ళిపోయింది. నేను మూడు చోట్ల ప్రకృతిని చూసే నెపంతో ఆగాను. అయితే మూడో చోట ప్రకృతి నిజంగానే ఉంది. కొండ మీద నుంచి ఒక వైపు ఊరు, రేవు, చమురు ట్యాంకులు. రెండో వైపు కొబ్బరి తోటలు, వాటి అంచున ఇసక, ఆ తరువాత ఇక ఏమీ లేదు, సముద్రం తప్ప. ఆ నీళ్ళ మీదుగా నేరుగా వెళితే రంగమే వస్తుందని అత్త అనేది. నేను మ్యాపులో చూసి కాస్త పక్కకి తిరగాలని చెప్పినట్టు గుర్తు. ఎందుకు చెప్పానో ఇప్పుడు తెలియటం లేదు.

పదింపావుకి యారాడ చేరాను. పోలయ్య తాత ఇంటి ముందు కొబ్బరి మట్టల నీడలో కూర్చుని చేపలు శుభ్రం చేస్తున్నాడు. డెబ్భై దాటిన మనిషి, వీపు మాత్రం నిటారుగా ఉంది. నేను విషయం చెప్పాను. గంజి వార్చడం దగ్గరికి వచ్చేసరికి ఆయన కత్తి కింద పెట్టేశాడు.

"గంజి వారిసినారా? ఓరి మీ జిమ్మడ! దాని ఒంట్లో ఉన్నదే గంజి. అది తీసీస్తే ఇంకేటి మిగుల్తాది?"

"పోస్టర్లు అంటించుకోవచ్చు తాతా."

ఆయన నవ్వలేదు. చెయ్యి కడుక్కుని మూట విప్పి, నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలాడు. కాసేపు సముద్రం వైపు చూశాడు. కబురు ఏదో పెద్దది వస్తుందనుకున్నాను.

"మంచివే," అన్నాడు. "ఇన్ను. దీనికి నీళ్ళు తాగించాల, నీళ్ళల్లో ఉడికించకూడదు. ఆరు గంటలు నానబెట్టు. నీళ్ళు వంపీసి, ఆవిరి మీద కూకోబెట్టు. ఇలగ." ఎడమ అరచేతి మీద కుడి చేతి వేళ్ళు ఆడిస్తూ పైకి లేపాడు.

ఓడ వంటవాడు నాకిచ్చిన ఆశీర్వాదం అది. ఆవిరి! అతను పాపం వంట చెబుతుంటే నేను దణ్ణం పెట్టాను.

"మీరే ఇక్కడ వండి ఇవ్వకూడదా తాతా? పట్టుకుపోతాను."

"సల్లారితే రాయైపోద్ది. ఆవిడ తినాలంటే ఆవిడింట్లోనే ఉడకాల. ఎన్నింటికి ఎల్తావు ఇంటికి?"

"నాలుగున్నర, అయిదు. అప్పుడు నానబెడితే పదకొండు అవుతుంది. మా అత్త ఎనిమిదికే పడుకుంటుంది."

"అప్పుడెందుకు నానబెడతావురా? కాళ్ళు నీవి, నీళ్ళు నావి. దారిలో నానతాది." లోపలికి కేకేసి బావి నీళ్ళు తెప్పించి, బియ్యం రెండుసార్లు కడిగి, నా క్యాను నిండా నీళ్ళు పోశాడు. "గింజ ఎప్పుడూ మునిగే ఉండాల. పైకి తేలిందో, అది రాయి, నువ్వు బండరాయి."

అప్పటికి టైము పదకొండుకి పది నిమిషాలు తక్కువ. బియ్యం కూడా నాతోపాటే ప్రయాణం మొదలుపెట్టాయి.

వదిలిపెట్టకుండా అన్నం పెట్టారు. చింతకాయతో చేపల పులుసు. తింటూ అడిగాను, ఆ వాసన నిజంగా వీధి చివరి దాకా వస్తుందా అని. స్టీమరు నడిపే సరంగులు వాసన పట్టుకుని కింద నుంచి మెట్లెక్కి వచ్చేసేవారన్నాడు. ఏనుగుల సంగతి నేను ఎత్తలేదు.

"మీ అత్తని ఏటన్నావు నువ్వు?" అన్నాడు హఠాత్తుగా.

"నేనేమన్నాను?"

"ఏటీ అనకపోతే కుర్రోడివి ఆదివారం పూట ఇంత దూరం బియ్యం మొయ్యవు."

చెప్పాను. రేషను కార్డుల దగ్గర ఆయన కిసుక్కుమన్నాడు. తరవాత మూతి తుడుచుకుని, "బాగానే ఉంది. కానీ ఆవిడకి ఉన్నది అదొక్కటే కదరా," అన్నాడు. పులుసు ఇంకొంచెం వడ్డించాడు.

పన్నెండున్నరకి బయల్దేరాను. ఎక్కిన కొండే దిగడం, దిగిన కొండే ఎక్కడం. చేతిలో నీళ్ళు ఉంటే మనిషి నడక మారిపోతుంది. పెళ్ళికూతురిలా అడుగులు వేశాను. ఒకటిన్నర పడవలో క్యాను ఒళ్ళో పెట్టుకుని మూత తీసి చూశాను. గింజలు కొంచెం లావెక్కాయి. మధ్యాహ్నపు ఎండ నీళ్ళ మీద రేకులు రేకులుగా విరుగుతోంది. పడవ ఊగినప్పుడల్లా క్యానులో నీళ్ళు కూడా అదే తాళానికి ఊగాయి. పెద్ద నీళ్ళ మీద చిన్న నీళ్ళు. నాకు నిద్రా మెలకువా కాని మైకం కమ్మింది. ఏదో వీధి, వాన, తల మీద బుట్ట పెట్టుకున్న ఆడమనిషి. మూత తీయబోతోంది. "దిగండి బాబూ," అన్నాడు పడవవాడు.

అవతల ఇంకో పని ఉంది. ఆవిరి మీద కూర్చోబెట్టడానికి చిల్లుల గిన్నె కావాలి. పాత ఊరి సందులో రేకు పని చేసే ఖాదర్ సాయిబు కొట్టు తెరిచే ఉంది. ఒక అల్యూమినియం గిన్నె కొని, అడుగున బెజ్జాలు కొట్టమన్నాను.

"దేనికి భాయ్? జల్లెడకా?"

"అన్నం ఉడకడానికి."

"బెజ్జాల గిన్నెలో అన్నమా!" ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి నన్ను చూశాడు. పోలయ్య తాత మాటలు అప్పజెప్పాను. విని, "అయితే గింజ చూపించండి," అన్నాడు. తడి గింజలు రెండు తీసి ఇచ్చాను. వేళ్ళ మధ్య నలిపి, డబ్బాలో మేకులు వెతికి, సన్నటిది ఒకటి తీశాడు. "ఎండు గింజ చూసి కొట్టామనుకోండి, తప్పైపోద్ది. నానిందాన్నే చూడాలి. గింజ పడకూడదు, ఆవిరి ఆగకూడదు." ఒక్కొక్క బెజ్జం కొట్టి ఎండకి ఎత్తి చూస్తూ అరగంట కూర్చున్నాడు. నేల మీద గిన్నె నీడలో చిన్న చిన్న వెలుగు చుక్కలు. చిల్లి గిన్నె అందంగా ఉండటం నేను అదే మొదటిసారి చూడటం.

మూడుంపావు బస్సు నిండిపోయి వచ్చింది. స్టీలు ప్లాంటు పునాదుల పనికి వచ్చిన కుర్రాళ్ళు సినిమాకి వెళ్ళి తిరిగి వస్తున్నారు. నిలబడ్డాను. ఒక మలుపులో డ్రైవరు బ్రేకు వేశాడు. క్యాను మూత ఊడి నీళ్ళు సగం కండక్టరు బూటు మీద పడ్డాయి.

"ఏటి బావా ఇది, సింహాద్రప్పన్న అభిషేకమా?"

క్యానులో చూస్తే బియ్యం పైకి తేలాయి. అంటే నీళ్ళకి పైన, గాలిలో. ఇంటికి ఇంకా గంట ఉంది. నా ముఖం ఎలా అయిపోయిందో కానీ, సీట్లో పసిబిడ్డతో కూర్చున్నావిడ, "ఏటైనాది బావూ, ఎవులికైనా మందా?" అంది.

"మందు లాంటిదేనమ్మా. నీళ్ళు కావాలి."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. బిడ్డ కోసం తెచ్చుకున్న మరచెంబు తీసి, కాచి చల్లార్చిన నీళ్ళు క్యానులోకి వంచింది. గింజలు మునిగాయి. బిడ్డకి ఉంచుకోమన్నాను. "దిగిపోతాం కదా, పరవాలేదు," అంది. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. మా కౌనిన్‌లో ఆవిడ నీళ్ళు ఉన్నాయి.

నాలుగూ నలభైకి ఇంట్లో ఉన్నాను. బియ్యానికి ఆరు గంటలకి పది నిమిషాలు తక్కువ. కాళ్ళు కడుక్కునేలోపు ఆ పది నిమిషాలూ అయిపోయాయి.

అత్త నా చేతిలోని గిన్నె చూసింది. "ఓవర్‌టైంలో బెజ్జాల గిన్నె ఇచ్చినారేటి?"

"బోనసు," అన్నాను.

స్టవ్ మీద కింద నీళ్ళ గిన్నె, దాని మూతి మీద చిల్లుల గిన్నె, లోపల తడి పంచె ముక్క, అందులో బియ్యం. అత్త గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఆవిరి కుడుములు ఏసినట్టా?" అంది మెల్లగా. ఆ ముక్క ఆమె చేతికి తెలిసిన ముక్క. కాసేపటికి వెనక నుంచి నువ్వులు వేగుతున్న చిటపట. నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. కొబ్బరి కూడా కోరేసింది. మధ్యలో ఒకసారి వచ్చి మూత తీసి, ఉప్పు కలిపిన కొబ్బరి నీళ్ళు చిలకరించి, మళ్ళీ మూసింది. ఎవరు చెప్పారని అడిగితే, "బుట్టావిడ అలగే సిలకరించీది," అంది.

అప్పుడు వాసన వచ్చింది. ఎలా ఉందో చెప్పమంటే చెప్పలేను. కొత్త ధాన్యం, కాగుతున్న పాలు, వాన పడ్డ తాటాకు, వీటిలో ఏదీ కాదు. వంటింట్లోంచి ముందు గదిలోకి వచ్చింది. అరుగు దిగింది.

అత్త ఒక ముద్ద ఆకులో పెట్టుకుంది. నువ్వులు అద్దింది. నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను ఆమె ముఖం వైపే చూస్తున్నాను. పరీక్ష ఫలితాలకి కూడా అలా చూడలేదు. ముద్దంతా మెల్లగా నమిలి మింగింది. తరవాత కళ్ళు తెరవకుండానే, "ఈది సివరి దాకా ఎల్లి సూసిరా," అంది.

"ఇప్పుడా?"

"ఎల్లరా."

వెళ్ళాను. అదే నా యాత్రలో చివరి మజిలీ. మా వీధి మొత్తం తొంభై అడుగులు, సోడా కొట్టు దాకా. అక్కడ నిలబడి గుండెల నిండా గాలి పీల్చాను. డీజిలు, దుమ్ము, ఎవరింట్లోనో ఎండు చేపలు. కళ్ళు మూసుకుని మళ్ళీ పీల్చాను. సోడా కొట్టతను "ఏం బావా, ఆయాసమా?" అన్నాడు. వచ్చేసిందని చెప్పేస్తే పోతుంది. ఎవరు కాదంటారు? కానీ ఈ ఇంట్లో ఇప్పటికే ఒక మాట నిజమో అబద్ధమో తేలక నెలన్నరగా రంగం ఊసు లేదు. ఒక్కొక్క అడుగూ వెనక్కి వేస్తూ, ప్రతి గుమ్మం దగ్గరా ఆగి పీల్చుకుంటూ వచ్చాను. మూడో ఇల్లు దాటగానే తగిలింది. అక్కడ గట్టు మీద కూర్చున్న ముసలాయన కూడా ముక్కు ఎత్తి అటూ ఇటూ చూస్తున్నాడు.

అరుగు దగ్గరికి వచ్చి నిజమే చెప్పాను. "చివరి దాకా రాలేదత్తా. మూడిళ్ళు తక్కువయ్యాయి."

అత్త నన్ను చూసింది. ముఖంలో ఎక్కడో మొదలై, నువ్వులంటిన పెదాల దాకా వచ్చింది నవ్వు. మర్యాద నవ్వు కాదు.

"రంగంలో మా ఈది సిన్నదిరా," అంది.

నాకొక ఆకు అందించి, జరిగి చోటిచ్చింది. కొండలూ పడవలూ బస్సులూ కలిపి పది గంటల ప్రయాణం చేసి, ఆ చోటు దాకా వచ్చాను. ముద్ద వేళ్ళకి అతుక్కుంటోంది. వదిలించుకోవాలనిపించలేదు. ఎండ వాలింది. అత్త వేళ్ళు నాకి, అరుగు కింద వీధిలోకి చూస్తూ మొదలుపెట్టింది.

"మా ఈదంటే ఏటనుకున్నావు? పక్కనే రంపాల మిల్లు. పొద్దున్నే దుంగలు మోసుకుని ఏనుగులు ఎల్లీవి, లైను కట్టుకుని." ఒక్క క్షణం ఆగింది. "కార్డుల్లేవులే."